కుట్టు కనిపించని జాకెట్టు

ఈ పాఠం గురించి

పత్రికల్లో, దుకాణాల ముందు, సెల్‌ఫోన్లలో మనం రోజూ ఎన్నో దుస్తుల ప్రకటనలు చూస్తుంటాం. వాటిలో కొన్ని కెమెరాతో తీసిన ఫోటోలు కావు. కంప్యూటరు తయారుచేసిన బొమ్మలు. అలాంటి ఒక బొమ్మ వల్ల తనకు కలిగిన అనుభవాన్ని, ఆలోచనలను ఒక మహిళా దర్జీ ఈ పాఠంలో చెబుతున్నారు. చదివేటప్పుడు మీకు ఎదురైన అనుభవాలతో పోల్చి చూసుకోండి.

1. బొమ్మలూ నేనూ

మాది తెనాలి. ముప్పై ఏళ్లకు పైగా ఆడవాళ్ల బట్టలు కుడుతున్నాను. చిన్నప్పుడు ఎనిమిదో తరగతితో నా చదువు ఆగిపోయింది. పెళ్లయి, ఇద్దరు పిల్లలు పుట్టిన తర్వాత, మీలాగే ఇలాంటి పుస్తకాలు ముందేసుకుని ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి పాసయ్యాను. పగలు మిషను, రాత్రి పుస్తకం. ఆ రోజుల్లో నేర్చుకున్న అలవాటు ఒకటి నాకు మిగిలింది. తెలియని విషయం ఎదురైతే సిగ్గుపడకుండా అడగడం.

నా పనిలో బొమ్మలకు మొదటినుంచీ చోటుంది. అప్పట్లో ఆడవాళ్లు వారపత్రికల్లోంచి సినిమా తారల ఫోటోలు కత్తిరించి తెచ్చేవారు. "మెడ ఇలా ఉండాలి, చేతులు ఇలా ఉండాలి" అని చూపించేవారు. ఇప్పుడు అందరి చేతిలో ఫోనే. బొమ్మ ఏదైనా నా కళ్లు ముందుగా మనిషి ముఖాన్ని చూడవు. కుట్టు ఎక్కడుంది? డాటు ఎక్కడ పడింది? హుక్కులు ముందా, వెనకా? బట్టను నిలువుగా కత్తిరించారా, క్రాసుగా కత్తిరించారా? ఇవే చూస్తాయి. మనసులో బొమ్మను ముక్కలుగా విప్పుకుంటేనే బట్టను కత్తిరించగలం.

2. ఆ అమ్మాయి తెచ్చిన బొమ్మ

2023లో, శ్రావణమాసం ముహూర్తాలకు కొద్దిరోజుల ముందు, డిగ్రీ చదివే ఒక అమ్మాయి మా దుకాణానికి వచ్చింది. వాళ్ల అక్క పెళ్లి. చేతిలో సన్న చారల మంగళగిరి నూలు బట్ట ఉంది. ఫోను తెరిచి ఒక ప్రకటన చూపించింది.

"అక్కా, అచ్చం ఇలాగే కావాలి. కొంచెం కూడా తేడా రాకూడదు."

బొమ్మ నిజంగా బాగుంది. ఎత్తు మెడ, నిండు చేతులు, ఒంటికి అతికినట్టున్న జాకెట్టు. చారలు నడుము నుంచి మెడ దాకా ఎక్కడా విరగకుండా సాగిపోయాయి. నేను అలవాటు ప్రకారం కుట్టు కోసం వెతికాను. కనిపించలేదు. డాటు లేదు. ముందు హుక్కుల పట్టీ లేదు. అద్దంలో ఆమె వీపు కూడా కనిపిస్తోంది. అక్కడా హుక్కుల్లేవు. పక్కన జిప్పు లేదు.

"ఈ జాకెట్టును ఎలా తొడుక్కుంటారమ్మా? తల ఎటునుంచి దూరుతుంది?" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వింది. "అదంతా నాకేం తెలుసు అక్కా? నువ్వే చూసుకో" అంది.

బట్టకు ఒక స్వభావం ఉంటుంది. మంగళగిరి నూలు గట్టిగా నిలబడే బట్ట. అది సాగదు. ఒంటి వంపుకు తగ్గట్టు నిలవాలంటే డాటు వేయాలి. చారల బట్టలో డాటు వేస్తే అక్కడ చార విరుగుతుంది. ఇది దర్జీ తప్పు కాదు, బట్ట తప్పూ కాదు. బల్లపరుపుగా ఉన్న గుడ్డను గుండ్రంగా ఉన్న ఒంటికి చుట్టడంలో ఉన్న లెక్క అది. అయినా నేను ఒప్పుకున్నాను. చేతనైనంత దగ్గరగా కుట్టాను. రెండుసార్లు విప్పి మళ్లీ కుట్టాను.

తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. జాకెట్టు ఆమెకు చక్కగా సరిపోయింది. కానీ ఆమె ఫోను వైపు ఒకసారి, అద్దం వైపు ఒకసారి చూసుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నువ్వు బాగానే కుట్టావక్కా. నా ఒళ్లే బాగాలేదు" అంది.

రెండు వారాల నుంచి రాత్రిపూట అన్నం మానేసిందని వాళ్లమ్మ ఆ తర్వాత నాతో చెప్పింది. బొమ్మలో అమ్మాయిలా కనిపించాలని! ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది. ఇన్నేళ్ల పనిలో "నీ చెయ్యి బాగాలేదు" అన్నవాళ్లను చూశాను. తన ఒంటినే తప్పుపట్టుకున్న పిల్లకు ఏం చెప్పాలో ఆ రోజు నాకు తెలియలేదు.

* ఒక క్షణం ఆగి ఆలోచించండి: ఆమెకు మీరైతే ఏం చెప్పేవారు?

3. పండక్కి వచ్చిన చెల్లెలి కొడుకు

2024 సంక్రాంతికి మా చెల్లెలి కొడుకు బెంగళూరు నుంచి వచ్చాడు. ఎగుమతి దుస్తులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో అతను నమూనాల విభాగంలో పనిచేస్తాడు. ఆ అమ్మాయి పంపిన బొమ్మ నా ఫోనులో ఇంకా ఉంది. అతనికి చూపించాను.

వేళ్లతో బొమ్మను పెద్దది చేసి చూశాడు. "పెద్దమ్మా, ఇది ఎవరూ కుట్టిన జాకెట్టు కాదు. ఈ అమ్మాయి కూడా లేదు. రెండూ కంప్యూటరు చేసినవే. ఇటు చూడు, రెండు చెవుల జూకాలు ఒకేలా లేవు. ఈ చార చంక దగ్గర రెండుగా మొదలై, భుజం దగ్గర ఒకటైపోయింది" అన్నాడు.

నేను నిర్ఘాంతపోయాను. లేని జాకెట్టును చూసి, లేని మనిషితో పోల్చుకుని, ఉన్న పిల్ల ఏడ్చింది. దాన్ని కుట్టలేకపోయానని నేను రెండుసార్లు కుట్లు విప్పాను!

"అయితే మీరు చేసేది కూడా ఇదేనా?" అని కోపంగానే అడిగాను.

"కాదు పెద్దమ్మా. కంప్యూటరు బొమ్మల్లో రకాలున్నాయి. చూపిస్తా రా" అని ల్యాప్‌టాప్ తెరిచాడు.

4. తెరమీద కుట్టు

తెరమీద ఒక శరీరం నిలబడింది. కొలతలు మారిస్తే లావయింది, సన్నబడింది, పొట్టిగా అయింది. పక్కన జాకెట్టు భాగాలు విడివిడిగా ఉన్నాయి. ముందు ముక్కలు, వెనక ముక్క, చేతులు, మెడ పట్టీ. నేను కాగితం మీద గీసుకునేవే! ఏ అంచును ఏ అంచుతో కుట్టాలో అతను గీతలతో చూపించాడు. మీట నొక్కగానే ముక్కలన్నీ శరీరం చుట్టూ చేరి అతుక్కున్నాయి. బట్ట కొంచెం కిందికి జారి, మడతలు పడి, నిలిచింది. బిగుతుగా ఉన్నచోట ఎర్ర రంగు కనిపించింది. చంక దగ్గర ఎరుపు చూడగానే "అక్కడ అర అంగుళం వదలాలి" అన్నాను. అతను ఆ గీతను జరిపాడు. ఎరుపు పోయింది. నిజం చెప్పొద్దూ, నాకు ముచ్చటేసింది.

ఇది ఎలా జరుగుతుందో అతను చెప్పిన తీరు నాకు అర్థమైనంతలో మీకూ చెబుతాను. కంప్యూటరుకు బట్ట అంటే చిన్న చిన్న త్రిభుజాలతో అల్లిన వల. ప్రతి త్రిభుజం మూలలోనూ ఒక చుక్క. చుక్కలను కలిపే గీతలు స్ప్రింగుల్లా పనిచేస్తాయి. లాగితే కొంత సాగి, మళ్లీ వెనక్కి లాగుతాయి. భూమి ఆకర్షణ చుక్కలన్నింటినీ కిందికి లాగుతుంది. శరీరం అడ్డుకుంటుంది. ఈ లెక్కను కంప్యూటరు మళ్లీ మళ్లీ చేసి, చుక్కలన్నీ ఎక్కడ నిలుస్తాయో తేలుస్తుంది. ఆ పైన వెలుగు ఎటునుంచి పడుతుందో, ఎక్కడ నీడ వస్తుందో లెక్కగట్టి బొమ్మ గీస్తుంది. పట్టుకూ నూలుకూ తేడా తెలియాలంటే ముందుగా అసలు బట్ట ముక్కను తూచి, లాగి, వంచి చూసి ఆ అంకెలు కంప్యూటరుకు ఇవ్వాలి. దక్షిణ కొరియాలో 2009లో మొదలైన క్లో అనే సంస్థ సాఫ్ట్‌వేరు ఇలాంటి పనికి చాలా దేశాల్లో వాడుకలో ఉంది.

దీనివల్ల లాభమేమిటి? వెనక ఒక నమూనా కుట్టి విదేశాల్లోని కొనుగోలుదారుకు పంపేవారు. "మెడ తగ్గించండి" అని తిరిగి వచ్చేది. మళ్లీ కుట్టి పంపితే "రంగు మార్చండి" అనేవారు. ప్రతిసారీ బట్ట, రోజులు, రవాణా ఖర్చు. ఇప్పుడు ఈ మార్పుల్లో చాలావరకు తెరమీదే జరుగుతాయి. "అయినా చివరికి ఒకటి కుట్టి చూడాల్సిందే పెద్దమ్మా. బట్ట ఒంటికి గుచ్చుకుంటుందా, మెత్తగా ఉంటుందా అన్నది తెరమీద తెలియదు" అన్నాడు.

బట్టకూ కంప్యూటరుకూ ఉన్న చుట్టరికం పాతదేనని కూడా అతనే చెప్పాడు. 1804లో ఫ్రాన్సు దేశస్థుడు జోసెఫ్ మేరీ జాకార్డ్ చిల్లులు పొడిచిన అట్టలతో మగ్గం మీద పూలు, లతలు నేయించాడు. చిల్లు ఉన్నచోట ఒక పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. మన ధర్మవరం పట్టుచీరల మగ్గాల మీద కూడా ఈ జాకార్డు అట్టలు చూడవచ్చు. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తాను రూపకల్పన చేసిన లెక్కల యంత్రానికి ఈ అట్టల పద్ధతినే తీసుకున్నాడు. కంప్యూటరు చరిత్రలో నేతగాడి మగ్గానికీ చోటుందన్నమాట.

"మరి ఆ అమ్మాయి తెచ్చిన బొమ్మ?" అని అడిగాను.

"అది వేరే రకం. కృత్రిమ మేధ చేసింది. లెక్కలేనన్ని ఫోటోలు చూపించి దానికి నేర్పుతారు. జాకెట్టు ఎలా కనిపిస్తుందో దానికి తెలుసు. ఎలా కుడతారో తెలియదు" అన్నాడు.

అందుకే నాకు కుట్టు కనిపించలేదు.

5. అమ్మడానికి చేసిన బొమ్మలు

ఆ తర్వాత ఈ విషయం గురించి తెలిసినవాళ్లను అడిగి, చదివి, కొంత తెలుసుకున్నాను.

ఫోటోలను కంప్యూటరులో దిద్దే ఫోటోషాప్ 1990లో మార్కెట్లోకి వచ్చింది. అప్పటినుంచి ప్రకటనల్లో నడుములు సన్నబడటం, చర్మం నున్నబడటం తేలికైపోయింది. 2011 డిసెంబరులో స్వీడన్‌కు చెందిన హెచ్ అండ్ ఎమ్ అనే పెద్ద దుస్తుల సంస్థ ఒక విషయం ఒప్పుకుంది. తన వెబ్‌సైటులో లోదుస్తులు తొడిగి చూపించిన శరీరాలు కంప్యూటరు చేసినవి. వాటికి నిజమైన మోడళ్ల తలలు అతికించారు. ముఖాలు నిజం, ఒళ్లు కల్పితం.

2017లో కామెరాన్ జేమ్స్ విల్సన్ అనే బ్రిటిష్ ఫోటోగ్రాఫరు కంప్యూటరులో షూడు అనే నల్లజాతి మోడల్‌ను సృష్టించాడు. చాలామంది ఆమె నిజమైన మనిషే అనుకున్నారు. 2018లో బాల్మెయిన్ అనే ఫ్రెంచి సంస్థ ఆమెను, మరో ఇద్దరు కల్పిత మోడళ్లను తన ప్రకటనలో వాడుకుంది. అవకాశాలు తక్కువగా ఉన్న నల్లజాతి స్త్రీలకు దక్కాల్సిన పని ఒక బొమ్మకు దక్కిందని అప్పట్లో విమర్శలు వచ్చాయి. ఆలోచిస్తే అందులో న్యాయం ఉంది. బొమ్మకు కూలి ఇవ్వనక్కర్లేదు. ఆకలి వేయదు. మోడల్‌తో పాటు ఫోటో తీసేవారు, జడ వేసేవారు, బట్ట సర్ది పిన్నులు పెట్టేవారు కూడా పని కోల్పోతారు. వాళ్లలో నాలాంటి దర్జీలూ ఉంటారు.

2019లో అయితే, కుట్టనే కుట్టని ఒక దుస్తు 9,500 డాలర్లకు అమ్ముడైంది. అంటే అప్పటి లెక్కలో ఆరు లక్షల రూపాయలకు పైమాటే. కొన్నతని భార్య ఫోటో మీద ఆ దుస్తును కంప్యూటరులో తొడిగి ఇచ్చారు. అంతే! అమెరికాలోని వోగ్ పత్రిక 2025 ఆగస్టు సంచికలో గెస్ అనే సంస్థ ప్రకటన వచ్చింది. అందులోని అమ్మాయి కృత్రిమ మేధ చేసిన బొమ్మ. ఆ సంగతి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. చాలామందికి కోపం వచ్చింది.

కొన్ని దేశాలు చట్టాలు చేశాయి. ఇజ్రాయెల్‌లో 2013 నుంచి, ఫ్రాన్సులో 2017 అక్టోబరు నుంచి, మోడళ్ల శరీరాన్ని సన్నగా కనిపించేలా దిద్దితే ఆ సంగతి ప్రకటన మీద రాయాలి. నార్వేలో కూడా ఇలాంటి నిబంధన 2022 జూలై నుంచి అమల్లోకి వచ్చింది. మన దేశంలో ప్రకటనల రంగం తనకు తాను ఏర్పాటు చేసుకున్న అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021లో కొన్ని నియమాలు చేసింది. సామాజిక మాధ్యమాల్లో కల్పిత వ్యక్తితో ప్రచారం చేయిస్తే, చూసేవారికి తాము చూస్తున్నది నిజమైన మనిషిని కాదని తెలియజేయాలి. తప్పుదారి పట్టించే ప్రకటనల మీద 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదు చేయవచ్చు. బొమ్మలో ఒకటి చూపించి ఇంకొకటి పంపితే, 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ సాయం అడగవచ్చు.

6. నా తప్పు కూడా ఉంది

ఇదంతా చదివి "లోకం ఎంత మోసం!" అని మీరు అనుకోవచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. తర్వాత నా సంగతులు కొన్ని గుర్తొచ్చాయి.

నాకు చిన్నప్పుడు అమ్మవారు పోసి బుగ్గల మీద మచ్చలు మిగిలాయి. పెళ్లి సంబంధాల కోసం స్టూడియోలో ఫోటో తీయించారు. స్టూడియో ఆయన నెగెటివ్ మీద సన్నటి పెన్సిలుతో దిద్ది ఆ మచ్చలు మాయం చేశాడు. ఫోటో చూసుకుని ఎంత పొంగిపోయానో! పెళ్లిచూపులనాడు మా అత్తగారు నా ముఖంలోకి చూసి, "ఫోటోలో ఈ మచ్చలు లేవే!" అంది. ఆ క్షణాన నేల చీలితే బాగుండుననిపించింది. సంబంధం కుదిరింది. కానీ ఆ ఫోటోను నేను మళ్లీ గోడకు తగిలించలేదు.

ఇంకొకటి. దుకాణం ముందున్న బొమ్మకు జాకెట్టు తొడిగినప్పుడు వదులు కనిపించకుండా వెనక గుండుసూదులు పెడతాను. దారిన పోయేవారికి ముందువైపు చక్కగా కనిపిస్తుంది. అదీ మోసమే కదా?

మరి తేడా ఎక్కడుంది? చాలాకాలం ఆలోచించాను. నా దుకాణంలో బొమ్మ వెనక్కి వెళ్లి చూస్తే సూదులు కనిపిస్తాయి. జాకెట్టును చేత్తో పట్టుకుని చూడవచ్చు. పెళ్లిచూపుల్లో మా అత్తగారు నా ముఖాన్ని ఎదురుగా చూడగలిగింది. ఆ అమ్మాయి తెచ్చిన బొమ్మను మాత్రం వెనక్కి తిప్పి చూడలేం. దాని వెనక బట్ట లేదు, మనిషి లేదు. అలాంటిదాన్ని అది ఫలానా అని చెప్పకుండా చూపిస్తే, చూసేవారు సరిచూసుకోలేరు. తప్పు తమలోనే ఉందనుకుంటారు. నా చెల్లెలి కొడుకు తెరమీద చేసింది కూడా బొమ్మే. కానీ దానిలో కొలత ఉంది, బట్ట బరువు ఉంది, కుట్టు ఉంది. రేపు అది ఒకరి ఒంటి మీదికి రావాలి. కనుక అది అబద్ధం చెప్పలేదు.

7. మళ్లీ వచ్చిన అమ్మాయి

2024 వేసవిలో ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. ఈసారి కాలేజీ వేడుకకు. ఫోనులో ఇంకో బొమ్మ.

"ముందు ఒక పని చెయ్యమ్మా. ఇందులో కుట్టు ఎక్కడుందో నాకు చూపించు" అన్నాను.

బొమ్మను పెద్దది చేసుకుని చాలాసేపు వెతికింది. "చేతికీ భుజానికీ మధ్య కుట్టే లేదక్కా" అంది. ఇంకాసేపు చూసి, "హుక్కులూ లేవు. ఇదెలా వేసుకుంటుంది?" అని తనే అడిగింది.

అప్పుడు పాత బొమ్మ సంగతి చెప్పాను. ఆమె వెంటనే నవ్వలేదు. ముఖం ఎర్రబడింది. "అంటే అప్పుడు నేను ఊరికే..." అని ఆగిపోయింది. నేనూ రెట్టించలేదు. టేపు తీసి కొలతలు తీసుకున్నాను. భుజం, ఛాతీ, నడుము, చెయ్యి పొడవు. ఒక్కో అంకె పైకి చదివి పుస్తకంలో రాసుకున్నాను. ఆ అంకెలన్నీ ఆమెవే. జాకెట్టు వాటికే కుట్టాలి. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు నాకు దొరికింది. "నీ ఒంటికి జాకెట్టు సరిపోవాలి గానీ, జాకెట్టుకు నీ ఒళ్లు సరిపోనక్కర్లేదమ్మా" అన్నాను.

ఈసారి జాకెట్టుకు రెండు వైపులా డాట్లు వేశాను. వాటి దగ్గర చారలు విరిగాయి. ఆమె ఆ చోట వేలితో తడిమి చూసి, "ఇది కనిపిస్తేనే బాగుందక్కా" అంది.

ఇప్పుడు మా దుకాణంలో ఎవరు బొమ్మ తెచ్చినా మూడు ప్రశ్నలు అడుగుతాను. ఇందులో కుట్టు ఎక్కడుంది? ఇది ఏ బట్ట? దీన్ని ఎవరు తొడుక్కున్నారు? మీరు కూడా దుస్తుల ప్రకటన చూసినప్పుడు ఈ ప్రశ్నలు వేసి చూడండి. జవాబు దొరికితే ఆ బట్ట కొనుక్కోండి, లేదా కుట్టించుకోండి. దొరకకపోతే బొమ్మను బొమ్మలాగే చూసి, ముచ్చటపడి, పక్కన పెట్టండి. అద్దంలో కనిపించే మనిషి మీద మాత్రం కోపం తెచ్చుకోకండి.

ఆలోచించండి – రాయండి

1. బొమ్మలో కుట్టు కనిపించకపోవడానికి కారణం ఏమిటి? మీ సొంత మాటల్లో రాయండి.
2. కంప్యూటరు బొమ్మల వల్ల దుస్తుల తయారీలో కలిగే ఒక లాభాన్ని, ప్రకటనల్లో కలిగే ఒక నష్టాన్ని వివరించండి.
3. రచయిత్రి తన పెళ్లిచూపుల ఫోటో సంగతి ఎందుకు చెప్పారని మీరు అనుకుంటున్నారు?
4. మీరు ఇటీవల చూసిన ఒక ప్రకటనను తీసుకుని, పాఠంలోని మూడు ప్రశ్నలు వేసి, మీకు దొరికిన జవాబులను ఒక పేరాలో రాయండి.